రఫేల్ అని రాసి మిరాజ్ ఫొటో వేస్తే ఎలా?

సంపాదకుల వారికి నమస్కారం.

యుద్ధ వార్తలకు మీరు వేస్తున్న ఫొటోల్లో తప్పులు ఆగడం లేదు. గొలుసు పట్టాల మీద నడిచేదల్లా ట్యాంకు కాదు. కె-9 వజ్ర 155 ఎం.ఎం. ఫిరంగి. దాని టరెట్ (గొట్టం బిగించిన, చుట్టూ తిరిగే పైభాగం) పెద్ద డబ్బాలా వాహనం వెనక భాగంలో ఉంటుంది, గొట్టం కొసన మజిల్ బ్రేక్ (కాల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బను తగ్గించే రంధ్రాల తొడుగు) కనబడుతుంది. టి-90 ట్యాంకు టరెట్ పొట్టిగా నడిమధ్య ఉంటుంది, 125 ఎం.ఎం. గొట్టానికి ఆ బ్రేక్ ఉండదు. ట్యాంకు ఎదురుపడి కాలుస్తుంది, వజ్ర 30 కిలోమీటర్లకు పైగా వెనకనుంచి కొట్టగలదు. వజ్ర ఫొటో వేసి ‘సరిహద్దుకు ట్యాంకులు’ అని రాస్తే పాఠకులు చొరబాటుకు సిద్ధమైనట్టే అనుకుంటారు.

విమానాలకు తోకలు, ఇంజిన్లు లెక్కపెడితే చాలు. సుఖోయ్-30కి నిలువు తోకలు రెండు, ఇంజిన్లు రెండు. రఫేల్‌కు తోక ఒకటి, ఇంజిన్లు రెండు, కాక్‌పిట్ దగ్గర చిన్న ముందు రెక్కలు. మిరాజ్-2000కు తోకా ఒకటే, ఇంజినూ ఒకటే.

వీటికన్నా ఘోరం పాత ఫొటో. 2012 మేలో సిరియాలోని హౌలా ఊచకోత వార్తకు బీబీసీ వెబ్‌సైట్‌లో వాడింది 2003లో ఇరాక్‌లో తీసిన ఫొటో. తీసిన మార్కో డి లారోనే దాన్ని గుర్తుపట్టారు. హౌలా చావులు నిజం. తప్పు ఫొటో పడేసరికి, ఆ చావులే జరగలేదనేవాళ్లకు ఆధారం దొరికినట్టయింది.

ఫొటో చేతికి రాగానే, అదే ఫొటో ఇంతకుముందు ఎక్కడ వచ్చిందో వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లోనూ టిన్‌ఐలోనూ వెతకండి. టిన్‌ఐలో అన్నిటికన్నా పాతది ముందు వచ్చేలా పెట్టుకోవచ్చు. దొరక్కపోతే భవనాన్నో బోర్డునో మాత్రమే కత్తిరించి వెతకండి, కుడిఎడమలు తిప్పి మరోసారి చూడండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో తీసిన తేదీ చెరిగిపోతుంది, అందుకే అసలు ఫైలునే డాక్యుమెంట్‌గా పంపమని అడగాలి. రాత్రి ఆకాశంలో క్షిపణుల వెలుగులున్న దృశ్యమైతే మరీ జాగ్రత్త: ఆర్మా-3 వీడియో గేమ్ దృశ్యాలు యుద్ధం పేరుతో తిరుగుతున్నాయని దాన్ని తయారుచేసిన సంస్థే 2022లో హెచ్చరించింది.

పాత ఫొటో వాడక తప్పకపోతే ‘ఫైల్ ఫొటో’ అని వదిలేయకుండా ఊరు, ఏడాది రాయండి. తప్పు మొదటి పేజీలో పడితే సవరణా మొదటి పేజీలోనే వేయండి, అసలు ఆ ఫొటో ఎక్కడిదో అందులో చెప్పండి.

– ఒక పాఠకుడు