ఈ సీతాఫలాల సీజన్‌లో రెండిళ్ల తలుపులే తెరుస్తున్నాం

ఏటా దసరా పోగానే మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ దిక్కు మన పల్లె ట్రిప్పులకు వచ్చే పాత మనుషులందరికీ నమస్తే.

ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేకన్నా అందరికీ ఒకేసారి చెప్తే మేలు. 2020కి ముందు మన దగ్గర అతిథులకు వండిపెట్టే ఐదు రైతు ఇండ్లు ఉండేవి. ఈ 2022 సీజన్‌కు రెండే మిగిలాయి. రాత్రి బస బంద్. ఎడ్లబండి లేదు. ఆదివారం ఒక్కరోజే, ఇంటికి 12 మందికి మించి తీసుకోం. దారి, టైమింగులు పాతవే.

మిగతా మూడిళ్లు ఎందుకు తప్పుకున్నాయో చెప్పాలి. ఎందుకంటే మన వాట్సప్ గ్రూపులో ఒకరు "కరోనా తర్వాత రైతులకు బద్ధకం పెరిగింది" అని రాశారు. పది మంది దానికి బొటనవేలు కూడా ఎత్తారు. ఆ మాట మాకు ఇంకా మింగుడు పడలేదు. బద్ధకమో కాదో లెక్క చూసి మీరే చెప్పండి.

12 మంది వస్తే ఇంటివాళ్లతో కలిపి 30 జొన్న రొట్టెలు కావాలి. రొట్టెకు 80–90 గ్రాముల పిండి, అంటే రెండున్నర కిలోలు. పిండి పట్టించి వారం దాటిందంటే జిగురు పోతుంది, మసిలే నీళ్లు పోసి ఎంత పిసికినా చరిచేటప్పుడు అంచులు పగులుతాయి. అందుకే జొన్నలు శుక్రవారమే గిర్నీకి పోవాలి. ఒక్క పెనం మీద రొట్టెకు నాలుగైదు నిమిషాలు, 30 రొట్టెలకు రెండు గంటల పైమాటే. పచ్చిపులుసు, పప్పు, కోడికూర దీనికి అదనం. ఇదివరకు ఒక్కో ఇంటికి 25 మందిని పంపేవాళ్లం. అది మా అత్యాశే, దాచుకునేదేం లేదు.

ఇప్పుడు డబ్బు లెక్క. తలకు 450 చొప్పున 12 మందికి ఇంటివాళ్లకు 5,400 ముడుతుంది. సామాను, కోళ్లు, కట్టెలు, చేతి కింద ఒక మనిషి కూలి పోతే 2,400 దాకా మిగులుతుంది. అదే రోజు ఆ ఇంటి ఆడవాళ్లిద్దరూ సొంత చేన్లో పత్తి ఏరితే చెరో 40 కిలోలు. కిలోకు 12 చొప్పున చూసినా మిగిలే కూలి 960. మీరు వస్తేనే వాళ్లకు లాభం. మరి పత్తి వైపు ఎందుకు మొగ్గారంటే, ఆ "వస్తే" అనే మాట దగ్గరే ఉంది చిక్కంతా. పత్తి చేన్లోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు. ఏరకుండా వదిలేసి వాన పడిందా, రంగు మారి ధర పోతుంది. పైగా పోయిన సీజన్‌లో క్వింటాలు 10,000 దాటిన ధర చూసిన కండ్లు ఇవి. మద్దతు ధర పొడుగు పింజకు 6,025 ఉన్న ఏడాది సంగతి అది.

మూడుసార్లు "వస్తాం" అన్నవాళ్లు రాలేదు. తప్పు మీది కాదు, రోగానిది. 2020 మార్చి 22 జనతా కర్ఫ్యూ, ఆ వెంటే లాక్‌డౌన్. 2021లో తాటి ముంజల ట్రిప్పులు నిండిపోయాక మే 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ కొట్టింది 2022 సంక్రాంతి. ఒమిక్రాన్ అని బడుల సెలవులు జనవరి 30 దాకా పొడిగించారు, భయంతో ఒక్కో కుటుంబం వెనక్కి తగ్గింది. మన రైతు ఇండ్లలో ఒకటైన చింతచెట్టు ఇంట్లో అప్పటికే సకినాలకు 8 కిలోల బియ్యం నానబెట్టి, నీళ్లు వార్చి, నీడన ఆరబెట్టి, తడి పిండి పట్టించి పెట్టారు. ఆ పిండి మర్నాటికి పులుస్తుంది, పులిసిన పిండితో చుట్టిన సకినం నూనెలో విరిగిపోతుంది. రాత్రికి రాత్రి వాటిని చుట్టి, కాల్చి, వాడకట్టంతా పంచారు. నూనె, నువ్వులు, వాము అన్నీ ఆ ఇంటి ఖర్చే.

మూడుసార్లూ మేం మీకు పైసాతో సహా వాపసు ఇచ్చాం. మంచివాళ్లమని పేరు వచ్చింది. ఆ పేరుకు అయిన ఖర్చు రైతుల వంటింట్లో పడింది. "ఈసారికి సర్దుకో అక్కా" అని మూడుసార్లు అన్నాం. నాలుగోసారి అనడానికి మాకే నోరు రాలేదు.

డబ్బుతో తేలని సంగతి ఇంకొకటుంది. 2020లో చాలా ఊళ్లు దారికి అడ్డంగా ముండ్లకంప వేసుకున్నాయి కదా, ఆ అనుమానం కంప తీసేసినా పోలేదు. రెండో వేవ్‌లో ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా, "పట్నం నుంచి మీ ఇంటికొచ్చినోళ్లే తెచ్చిండ్రు" అని బోరింగు కాడ అనిపించుకున్న ఇండ్లు రెండున్నాయి. అతిథి పోయిన ప్రతిసారీ దుప్పట్లు మసిలే నీళ్లలో నానబెట్టడం, టెంపరేచర్ గన్ పట్టుకుని నిలబడటం, రిజిస్టర్‌లో పేర్లు రాయడం. గన్, శానిటైజర్, రిజిస్టర్ మేమే పంపాం. పని చేసే మనిషిని మాత్రం పంపలేదు. వాళ్లకు ఇప్పుడు రోగమంటే భయం లేదు, విసుగు. "ఇగ మాతోటి కాదు బిడ్డా, మా పని మమ్ములను చేసుకోనియ్" అన్న పెద్దవ్వ మాటకు మా దగ్గర జవాబు లేదు.

ఇక మూడు వారాలు మమ్మల్ని నిద్రపోనివ్వని సంగతి. రైతులు తప్పుకున్నారని తెలిసి, ఫంక్షన్లకు సెట్టింగులు వేసే ఒకాయన వచ్చాడు. ఖాళీ ప్లాట్‌లో గడ్డి గుడిసెలు వేస్తాడట. కిరాయి ఎడ్లు, గళ్ల చీరలు కట్టించిన ఆడవాళ్లు, హాట్‌బాక్సుల్లో హోటల్ రొట్టెలు, రోజుకు 60 మంది. మాకు తలకు ఇంతని కమీషన్. కాగితం మీద చూస్తే రెండేండ్ల నష్టం రెండు నెలల్లో పూడుతుంది. సరే అందామా అని ఒక రాత్రి, వద్దని ఒక రాత్రి. చూద్దామని ఆ హాట్‌బాక్సు రొట్టె తెప్పించాం. గంటన్నరకే తోలు సాగినట్టు సాగింది, జొన్నపిండిలో మైదా కలిపితే అట్లనే అవుతుంది. ఆ ఎడ్లకు పిల్లల కేకలు అలవాటు లేదు, బెదిరి ఒక్క గుంజు గుంజితే బండి మీది నుంచి పడేది మీ పిల్లలే. వద్దన్నాం. "మీ మొండితనంతో దుకాణం మూసుకుంటరు" అన్నాడు. మూసుకుంటే మూసుకుంటాం. రైతు లేని చోటికి రైతు ఇల్లని బోర్డు పెట్టం.

దాని బదులు మేం మార్చింది పైసల పద్ధతి. తలకు 950 ఉన్నది 1,100 అయ్యింది, పెరిగిన 150 మొత్తం ఇంటివాళ్లదే. ఆ 1,100లో 300 గురువారం సాయంత్రం నేరుగా ఆ ఇంటికి పోతుంది. గురువారం దాటాక మీరు రద్దు చేసుకుంటే ఆ 300 తిరిగి రాదు, మిగతా 800 ఇస్తాం. ప్రభుత్వం ఆపినా, ఆ ఇంట్లో ఎవరికైనా బాగా లేకపోయినా 1,100 మొత్తం మా జేబులోంచి ఇస్తాం, రైతు నుంచి మాత్రం వెనక్కి తీసుకోం. పాతవాళ్లకు మినహాయింపు ఇమ్మని నలుగురు అడిగారు. ఇవ్వలేం. సంక్రాంతికి రద్దు చేసుకున్నవాళ్లలో ఎక్కువమంది పాతవాళ్లే.

నాటుకోడి కావాలంటే బుధవారంలోగా చెప్పాలి. లాక్‌డౌన్లలో మందలు అమ్మేశారు, పిల్ల కిలోన్నరకు రావడానికి ఐదారు నెలలు పడుతుంది. 12 మందికి మూడు కోళ్లు కావాలి, లేని రోజు గుడ్ల పులుసే. ఎడ్లజత కూడా ఆ రోజుల్లోనే పోయింది. పని లేకున్నా రోజుకు 10 కిలోలకు పైనే ఎండుగడ్డి మేస్తాయి మరి.

సీతాఫలాలు మాత్రం ఈసారి బాగా కాశాయి. కోసే ముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. కండ్ల మధ్య గీతలు విచ్చుకుని, ఆ సందు లేత పసుపుకు తిరిగిన కాయనే తొడిమతో సహా కోయాలి. కండ్లు దగ్గరగా ఉన్న పచ్చికాయ మాగదు, రాయిలా నల్లబడుతుంది. పోయినసారి ఒక బస్సు పిల్లలు గంపెడు పచ్చికాయలు కోసి చెట్టు కిందే వదిలి పోయారు. అందుకే ఇప్పుడు కుటుంబానికి 3 కిలోలు, రైతు చూపించిన చెట్టుకే. ఇంటికి పోయాక గడ్డిలోనో బియ్యం డబ్బాలోనో పెడితే రెండు మూడు రోజుల్లో మెత్తబడతాయి. మాగకముందు ఫ్రిజ్‌లో పెట్టొద్దు.

పత్తి ఏరతామని పిల్లలు అడుగుతారు. వాళ్లకని గట్టు పక్కన రెండు సాళ్లు విడిచిపెట్టారు, అవే ఏరాలి. మంచు ఆరేదాకా, అంటే తొమ్మిదిన్నర దాకా అవీ ముట్టుకోవద్దు. తేమ 8 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ధర కోస్తారు, 12 దాటితే అసలు కొనరు. ఆకుచెత్త కలిసినా అంతే.

రాత్రి బస కోసం ఇంకా అడుగుతున్నవాళ్లకు ఒక మాట. మీరు పడుకునే ఆ గదిలో ఇప్పుడు కిటికీ దాకా పత్తి నింపి ఉంది, ధర కోసం ఆపారు. మంచాలు బయట చింతచెట్టు కింద ఉన్నాయి. పగటిపూట వాటి మీద నడుం వాల్చండి, ఎవరూ ఏమనరు. గదిలోకి మాత్రం పోవద్దు, ఒళ్లంతా దురద పెడుతుంది. సిగరెట్ ఉన్నవాళ్లు ఆ గోడ దగ్గరికి కూడా పోవద్దు.