ఏ నీళ్లు తాగుతారని అడిగే పళ్ల డాక్టరు కావాలి

సంపాదకుల వారికి,

పిల్లలకు ‘హోలిస్టిక్’ దంతవైద్యం, అంటే పన్నొక్కటే కాక తిండి, అలవాట్లు, ఒళ్లంతా కలిపి చూసే వైద్యం, చేయించాలనే ఆలోచన తల్లిదండ్రుల్లో పెరుగుతోంది. మంచిదే. కానీ అది డిగ్రీ కాదు. పిల్లల పళ్లకు ఉన్న డిగ్రీ ఎం.డి.ఎస్.లో పీడోడాంటిక్స్. బోర్డు మీది మాట కన్నా, బిడ్డ నోరు తెరవకముందు డాక్టరు ఏమడుగుతారో గమనించండి.

మన వైపు మొదట అడగాల్సింది నీళ్ల సంగతి. కనిగిరి, పామూరు, ఉదయగిరి ప్రాంతాల్లో చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు. అంతకు మించిన నీళ్లు ఎనిమిదేళ్ల లోపు బిడ్డ తాగితే, చిగురు లోపల తయారవుతున్న శాశ్వత పళ్ల మీద సున్నంలాంటి తెల్ల గీతలు, ఆ తర్వాత గోధుమరంగు మచ్చలు వస్తాయి. కాచినా ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి క్యాను నీళ్లు తెచ్చి వంట బోరు నీళ్లతో చేస్తే అన్నంలో, పప్పులో అదే ఫ్లోరైడ్ చేరుతుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించి ఆ కాగితం వెంట తీసుకెళ్లండి.

పేస్టు సంగతి ఆ కాగితాన్ని బట్టే తేలాలి. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లో, ఉమ్మడం రాని పసిబిడ్డకు ఫ్లోరైడ్ లేని పేస్టు వాడమంటే అర్థముంది. తాగడానికీ వంటకీ ఆర్‌ఓ నీళ్లే వాడే ఇంట్లో అదే సలహా ఇస్తే, పుచ్చును ఆపే కాస్త ఫ్లోరైడూ అందక పళ్లు పుచ్చుతాయి. అక్కడ మూడేళ్ల లోపు బియ్యపుగింజంత, ఆరేళ్ల దాకా బఠాణీగింజంత ఫ్లోరైడ్ పేస్టు పెద్దవాళ్లే బ్రష్ మీద పెట్టాలి.

‘పాలపళ్లే కదా, ఊడిపోతాయి’ అనే డాక్టరు దగ్గర ఆగొద్దు. పాల దవడపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. చీము పడితే చిగురు లోపల తయారవుతున్న శాశ్వత పన్ను దెబ్బతినొచ్చు. ముందే పీకేస్తే పక్కపళ్లు ఒరిగి చోటు మూసుకుపోతుంది. ఆరో ఏట ఏ పన్నూ ఊడకుండానే చివర ఒక దవడపన్ను వస్తుంది. అది శాశ్వతమైనది, పాలపన్నని వదిలేసేవాళ్లే ఎక్కువ. దాని గుంటలకు సీలెంట్ (పుచ్చకుండా గుంటలను మూసే పూత) వేస్తారా అని అడగండి. లవంగనూనె నొప్పిని కాసేపు అణుస్తుందే తప్ప పుచ్చును ఆపదు. నేరుగా పూస్తే పిల్లల చిగుళ్లు మండి పుండవుతాయి.

పాదరసం ఫిల్లింగ్ వద్దనడంలో మాత్రం హోలిస్టిక్ డాక్టర్ల మాట సబబే. పాదరసం వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ ఒప్పందం మినమాటాను మన దేశం 2018లో ఆమోదించింది. డాక్టరు అవసరమనుకుంటే తప్ప 15 ఏళ్ల లోపు పిల్లలకు అది వాడనివ్వకూడదని, లేదా వద్దని సలహా ఇవ్వాలని అందులో 2022లో చేర్చారు. అయితే ఇదివరకే వేసి గట్టిగా ఉన్నదాన్ని తవ్వి తీయించకండి, పాదరసం ఆవిరి ఎక్కువగా వచ్చేది అప్పుడే.

– ఒక దంతవైద్యురాలు, ఒంగోలు