కుంట బాగుపడాలంటే ముందు వంక తెరవండి

సంపాదకులకు,

కడప చుట్టుపక్కల కాలనీల్లో కుంటను బాగుచేస్తామనగానే అంచనాల్లో ముందు కనిపించేవి సిమెంటు గోడ, టైల్స్ పరిచిన నడకదారి, ఫౌంటెన్. నీళ్లు తెచ్చే వంక, నీళ్లు వదిలే తూము, నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే మరవ చివరి పేజీలో ఉంటాయి. నిధులు చాలనప్పుడు కోత పడేదీ వాటికే. ఈ వరస తిరగబడాలి.

ఎకరం కుంటలో ఒకటిన్నర మీటరు నీళ్లు నిలవాలంటే సుమారు 60 లక్షల లీటర్లు కావాలి. ఏడాదికి 700 మి.మీ. వాన పడి, అందులో 15 శాతం పారి వస్తుందనుకున్నా హెక్టారుకు దక్కేది పదిన్నర లక్షల లీటర్లే. అంటే కనీసం 15 ఎకరాల నేల మీది వాన ఆ కుంటకు చేరాలి. పైన లేఅవుట్ రోడ్డు వేసి దాని కింద అడుగు వెడల్పు పైపు పెట్టారంటే, రెండు ప్లాస్టిక్ సంచులు, ఒక తుమ్మ కొమ్మ అడ్డం పడితే చాలు, ఆ నీళ్లన్నీ రోడ్డు మీదికి మళ్లుతాయి. అక్కడ కావాల్సింది మీటరు వెడల్పు బాక్స్ కల్వర్టు, అంటే రోడ్డు కింద పెట్టెలాంటి కాంక్రీటు దారి. మరవ సంగతి ఇంకా ముఖ్యం. మన పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో ఒక్కసారిగా కురుస్తాయి. 2020 నవంబరులో నివర్ తుపానుకు బుగ్గవంక పొంగి కడప వీధుల్లోకి వచ్చింది. నిండు కుంట నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపే హద్దు (ఎఫ్‌టీఎల్) రాళ్లు నాటకుండా, లోపలికి జరిగిన ఇళ్లకోసం మరవ మట్టాన్ని రెండడుగులు దించితే కుంటలో పట్టే నీళ్లకు అక్కడికక్కడే గండి పడ్డట్టు.

మురుగు ఆపకుండా గుర్రపుడెక్క ఎత్తించడం దండగ ఖర్చు. మురుగులోని నత్రజని, భాస్వరమే దానికి ఎరువు. అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. పూత పట్టాక తీస్తే గింజలు బురదలో ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తితో ఉంటాయి. తీసినదాన్ని కట్ట మీదే కుప్ప పోయడం మామూలైపోయింది, మొదటి వానకే ఆ కుళ్లంతా మళ్లీ లోపలికి దిగుతుంది. మురుగును కాలనీ డ్రైనేజీకి మళ్లించి, వాననీళ్లు దిగేచోట మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, మీటరు లోతున మట్టి ఆగే గుంత తీసి, ముందు అంగుళం సందుల ఇనుప జాలీ పెట్టాలి. వాన వెలిశాక ఆ జాలీ ఊడ్చేది ఎవరో కూడా అంచనాలోనే రాయాలి. లేకుంటే కొన్నాళ్లకు జాలీయే అడ్డుకట్ట అవుతుంది.

పూడికతీతలో జరిగే నష్టం పైకి కనపడదు. ఎండిన కుంటలో నాలుగైదు చోట్ల పలుగుతో గుంత తీస్తే మెత్తటి నల్ల పూడిక ఎక్కడ ఆగిందో, కింద బంకమన్ను ఎంత మందమో, నీళ్లు ఇంకిపోయే గరుసు ఎక్కడ తగిలిందో తెలిసిపోతుంది. బంకమన్ను పొర అడుగైనా మిగలాలి. ప్లాట్లకు మట్టి తోలే పని కలిసినచోట హిటాచీ గరుసు దాకా దిగుతుంది, ఆ తర్వాత ఎంత వాన పడినా నీళ్లు నిలవవు. కట్ట పాదానికి పది మీటర్ల లోపు బకెట్ పెట్టనివ్వకూడదు, కట్ట జారుతుంది. ఎకరం మీద అడుగు మందం పూడిక అంటే 1,200 ఘనపు మీటర్లు, ఇంచుమించు నాలుగు వందల ట్రాక్టర్ ట్రాలీలు. గుంతల్లో తేలిన పూడిక అడుగే అయి, ట్రాలీలు అంతకు బాగా మించాయంటే పోతున్నది పూడిక కాదు. మురుగు చేరిన కుంట మట్టిని లోహాల పరీక్ష చేయించకుండా పొలాలకు తోలకూడదు.

మే నెలలో ఆ బురద కిందే నీటి తాబేళ్లు, కప్పలు దాక్కుని ఉంటాయి. మన కుంటల తాబేలుకు పొట్ట కింది పెంకుకు వెనక వైపు రెండు తోలు మూతలుంటాయి, కాళ్లు లోపలికి లాక్కోగానే అవి తలుపుల్లా మూసుకుంటాయి. బురదలో దాన్ని మట్టిగడ్డ అనుకునే అవకాశమే ఎక్కువ. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి అది. అందుకని జేసీబీ ఒక్కసారికి అరడుగుకు మించి గీకకూడదు, బకెట్ ముందు ఒక మనిషి పారతో నడవాలి. ఈ ఏడు సగం, వచ్చే ఏడు సగం తీయడం ఉత్తమం. దొరికిన తాబేళ్లను ముట్టని సగంలోని తడి బురదలోకి మార్చవచ్చు, కలువ దుంపలు, నత్తలు, తుంగ వేర్లు అక్కడే మిగులుతాయి. ఎండకే ఏడాదికి ఒకటిన్నర మీటరుకు పైగా ఆవిరవుతుంది గనుక బంకమన్ను లోతుగా ఉన్నచోట ఒక మడుగును కాస్త లోతు చేస్తే చేపలకు వేసవి గడుస్తుంది.

గోడ విషయం. అలలు తగిలే కట్ట ముఖానికి రాతి పరుపు చాలు. మిగతా వైపులా మట్టి గట్టే ఉండాలి, మీటరు దిగడానికి ఐదు మీటర్ల వాలుతో. ఒడ్డున అరడుగు నీళ్లు నిలిచే చోటే గుడ్డికొంగ వేటాడుతుంది, కప్ప గుడ్లు పెడుతుంది, తూనీగ పిల్ల తుంగ కాడ ఎక్కి పొర విడుస్తుంది. నిలువు గోడల కుంటలో పడిన తాబేలూ మేకపిల్లా పైకి రాలేవు. జమ్ము ఒక మూల ఉంటే బుడుబుంగలకు, నీటికోళ్లకు గూటి చోటు. అది పాకితే నీటిమట్టానికి జానెడు కింద కోయాలి, మొదలు మునిగి గాలి అందక దుంప చస్తుంది. నీటిపైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది. సర్కారు తుమ్మనూ అడుగు లోతు మొదలుతో సహా పెకలించాల్సిందే. కట్ట మీద మాత్రం ఏ చెట్టూ వద్దు, చచ్చిన వేరు వెంట నీరు దారి చేసుకుంటుంది. గరిక చాలు.

దోమల పేరుతో గాంబూజియా చేపలు వదలొద్దు, అవి కప్ప పిల్లలనూ తింటాయి. పరిగెలు, కొరమీను, తూనీగ పిల్లలు ఉన్న కుంటలో దోమ పిల్లలు పెరగడం కష్టం.

ఈ జిల్లాలోనే 1369 నాటి పోరుమామిళ్ల శాసనం చెరువుకు ఆరు దోషాలు చెప్పింది. కట్ట నుంచి నీరు కారడం, చెరువు నడిమధ్య మిట్ట ఉండడం వాటిలో ఉన్నాయి. ఇప్పుడేమో మధ్యలో దిబ్బ పోసి, విగ్రహం నిలబెట్టి, దాన్ని సుందరీకరణ అంటున్నాం.

గుంతల పరీక్ష, అంచనాలు ఫిబ్రవరికల్లా పూర్తయితేనే ఏప్రిల్, మే నెలల్లో పూడిక తీయగలం. కల్వర్టు, మరవ సెప్టెంబరు దాటకూడదు. పని మొదలయ్యే రోజే అనుమతించిన తవ్వకం లోతు, ట్రాలీల సంఖ్య వార్డు సచివాలయం బోర్డు మీద, మరవ మట్టం కట్ట రాయి మీద పెయింటుతో రాయించాలని అధికారులను కోరుతున్నాం.

- కాలనీవాసులు, కడప