అడ్మిన్ పాస్‌వర్డ్ లేకుండానే

ఒరేయ్ తమ్ముడూ,

మొన్న ఫోన్లో నువ్వు రెండు అడిగావు: అడ్మిన్ హక్కులు లేకుండా క్యూఎమూలో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని, అంటే వర్చువల్ మెషిన్‌ని, నడిపే ప్రోగ్రాం) మెషిన్‌కి నెట్ ఎలా ఇవ్వాలని, అలాంటి మెషిన్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడతాయని. సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ నంబర్లన్నీ మాటల్లో చెబితే కలగాపులగం అవుతాయి, అందుకే కూర్చుని రాస్తున్నా. ఇది అమ్మకు చదివి వినిపించకు, పాపం నిద్రపోతుంది. నేను బాగానే ఉన్నానని, జలుబు తగ్గిందని చెప్పు చాలు.

నీ ల్యాబులో లాగే ఇక్కడా నాకు అడ్మిన్ హక్కులు లేవు. వచ్చిన కొత్తలో సిస్టమ్స్ చూసే ఆయన్ని అడిగితే నవ్వేసి కుదరదన్నాడు. అంతమంది లాగిన్ అయ్యే సర్వర్‌లో అడిగినవాళ్లందరికీ రూట్, అంటే పూర్తి అడ్మిన్ హక్కు, ఇచ్చేస్తే ఆయన ఉద్యోగం ఏం కావాలి?

నువ్వు చూసిన పాఠాలన్నీ బ్రిడ్జ్ వెయ్యి, ట్యాప్ పెట్టు అనే చెబుతాయి. ఆ రెండూ హోస్ట్ (బయటి అసలు కంప్యూటర్) కెర్నెల్‌లో, అంటే దాని ఓఎస్ గుండెకాయలో, కొత్త నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ పుట్టించే పనులు కాబట్టి అడ్మిన్ ఉంటేనే అవుతాయి. అక్కడ తల బాదుకోకు. క్యూఎమూలో 'యూజర్' అని ఇంకో రకం నెట్‌వర్క్ ఉంది. అందులో గెస్ట్, అంటే లోపలి వర్చువల్ మెషిన్, పంపిన ప్యాకెట్‌ని క్యూఎమూ తనే విప్పి చూస్తుంది. వీడు ఫలానా వెబ్ సర్వర్‌తో మాట్లాడాలంటున్నాడని తెలుసుకుని, తన తరఫున మామూలు సాకెట్ (నెట్ కనెక్షన్) తెరిచి మాట్లాడుతుంది. హోస్ట్‌కి అది నీ బ్రౌజర్ లాంటి మరో ప్రోగ్రామే, పర్మిషన్ అడగాల్సిన పనేముంది?

లోపల గెస్ట్‌కి మాత్రం ఓ బుల్లి నెట్‌వర్క్ కనిపిస్తుంది. తన అడ్రస్ 10.0.2.15, గేట్‌వే (బయటికి దారి) 10.0.2.2, డీఎన్ఎస్ (పేర్లని అడ్రస్‌లుగా మార్చేది) 10.0.2.3. గేట్‌వే, డీఎన్ఎస్ అన్న పేర్లతో కనబడేవి నిజంగా ఎక్కడా లేవు, క్యూఎమూ వేసే వేషాలే. హోస్ట్‌లో నడుస్తున్న సర్వర్‌ని గెస్ట్ నుంచి పలకరించాలంటే 10.0.2.2 అను, అది హోస్ట్‌కే వెళ్తుంది. ఇంకో సంగతి, పింగ్ పోవడం లేదని నెట్ లేదనుకోకు. హోస్ట్ సెట్టింగ్ ఒప్పుకోకపోతే పింగ్ ఆగిపోతుంది, మిగతావన్నీ నడుస్తాయి. ఇది తెలియక నేను ఒక పూటంతా పోగొట్టుకున్నా. ముందు ఏదైనా వెబ్ పేజీ తెచ్చి చూడు.

దీని వెనకున్న కోడ్ పేరు స్లిర్ప్. మోడెమ్‌ల కాలంలో, 1990ల్లో, షెల్ అకౌంట్ (దూరపు సర్వర్‌లో కమాండ్లు కొట్టే లాగిన్) తప్ప ఇంకేమీ లేనివాళ్లు దాంట్లోంచే మొత్తం ఇంటర్నెట్ రాబట్టుకోవడానికి రాసిన ప్రోగ్రాం అది. వాళ్లకీ రూట్ ఇవ్వలేదన్నమాట!

బయటి నుంచి లోపలికి మాత్రం ఏదీ దానంతట అది రాదు. హోస్ట్ పోర్ట్ 2222కి వచ్చినదాన్ని గెస్ట్ పోర్ట్ 22కి పంపమని ముందే రాసిపెట్టాలి, అప్పుడే ఎస్‌ఎస్‌హెచ్‌తో బయటి నుంచి గెస్ట్‌లోకి లాగిన్ అవ్వొచ్చు. హోస్ట్ వైపు 1024 కంటే చిన్న పోర్ట్ అడిగితే మామూలుగా మళ్లీ రూట్ గొడవే. 2222 ముందు 127.0.0.1 (అంటే ఈ హోస్ట్ వరకే) అని రాయడం మరచిపోకు, లేకపోతే ల్యాబులో ప్రతివాడూ నీ మెషిన్ తలుపు తట్టొచ్చు.

నువ్వడిగిన రెండో ప్రశ్న, మెషిన్లు ఒకదానితో ఒకటి మాట్లాడటం. యూజర్ నెట్‌వర్క్‌లో అది నేరుగా కుదరదు. దేని నెట్‌వర్క్ దానిదే, అన్నీ 10.0.2.15 అనే అనుకుంటూ కూర్చుంటాయి. అందుకని ప్రతిదానికీ 'సాకెట్' రకం రెండో నెట్‌వర్క్ కార్డు పెట్టి, అన్నింటికీ ఒకే మల్టీక్యాస్ట్ అడ్రస్ (ఒకరు పంపితే గుంపులో అందరికీ అందేది), పోర్ట్ ఇవ్వాలి. దీనికీ రూట్ అక్కర్లేదు.

నేను బోర్లా పడింది ఇక్కడే. మూడు మెషిన్లు పెట్టి, ఒకదాంట్లో డీహెచ్‌సీపీ (మిగతావాటికి ఐపీ అడ్రస్‌లు పంచేది) నడిపాను. మిగతా రెంటికీ ఒకే ఐపీ వచ్చింది. లాగిన్ అయితే ఒకసారి ఒక మెషిన్లో తేలతాను, ఇంకోసారి రెండోదాంట్లో. డీహెచ్‌సీపీ ఫైల్‌ని రాత్రి పదకొండు దాకా తిరగేశాను. చివరికి మూడు స్క్రీన్లూ పక్కపక్కన పెట్టి చూస్తే, మూడింట్లోనూ రెండో కార్డు మ్యాక్ అడ్రస్ (కార్డుని గుర్తుపట్టే నంబరు) 52:54:00:12:34:57. రెండూ ఒకటే మెషిన్ అనుకుంది డీహెచ్‌సీపీ. నువ్వు చెప్పకపోతే క్యూఎమూ ప్రతి మెషిన్‌లోనూ మొదటి కార్డుకి చివర 56, రెండోదానికి 57 అనే ఇస్తుంది. చివరి అంకెలు చేత్తో మార్చాను, అంతే. డీహెచ్‌సీపీ తప్పేమీ లేదు, అనవసరంగా తిట్టాను.

స్పీడ్ గురించి ఆశ పెట్టుకోకు, స్లిర్ప్ నెమ్మదే. పాస్ట్ అని కొత్తది ఉంది, అదీ రూట్ లేకుండానే నడుస్తుంది, చాలా నయం. క్యూఎమూ 7.2 నుంచి దానితో నేరుగా కలుస్తుంది. అసలు మెషినే నత్తలా నడుస్తుంటే మాత్రం అది నెట్‌వర్క్ తప్పు కాదు, కేవీఎం (గెస్ట్‌ని అసలు ప్రాసెసర్ మీదే నడవనిచ్చేది) అందడం లేదేమో చూడు. మీ ల్యాబ్ సార్‌ని రూట్ అడగకు, కేవీఎం గ్రూప్‌లో పేరు కలపమని అడుగు. అంతమాత్రానికి కాదనరు. ఆ మెషిన్ల మీద ఇవన్నీ నడపొచ్చో లేదో కూడా అప్పుడే అడిగేసెయ్.

మీ దగ్గర క్యూఎమూ వెర్షన్ ఎంతో చూసి రాయి. పాతదైతే పాస్ట్ సంగతి వేరే చెబుతాను.

ఉంటాను,
అక్క