గట్టు మీది పచ్చికకు గడ్డిమందు ఎందుకు?

సంపాదకులకు,

అయ్యా,

కృష్ణా పశ్చిమ డెల్టాలో వరి కోతలు ముగింపుకు వచ్చి, రబీ మొక్కజొన్న, జొన్న విత్తే పని జోరందుకుంది. గడ్డిమందు డబ్బాల అమ్మకాలూ అంతే జోరుగా ఉన్నాయి. కలుపు మందులను పూర్తిగా మానేయమని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నేనూ మొక్కజొన్న రైతునే. వరి కోసిన మడిని దున్నకుండా, పదును ఆరకముందే గింజ పెట్టే పద్ధతి మా ప్రాంతంలో నిలదొక్కుకున్నదే ఈ మందుల అండతో. విత్తిన రెండు మూడు రోజుల్లో, నేలలో తేమ ఉండగానే అట్రజిన్ కొడితే పైరు కలుపుతో పోటీ పడకుండా ఏపుగా లేస్తుంది. కూలీలను పెట్టి రెండుసార్లు కలుపు తీయించే స్తోమత ఇవాళ ఎంతమందికి ఉంది? నా బాధంతా గట్ల మీద, పంట బోదెల ఒడ్డున, కంచెల వెంబడి, పశువులు మేసే పోరంబోకులో కొడుతున్న గ్లైఫోసేట్ అనే గడ్డిమందు గురించే.

గట్టు మీది గరికను కలుపు అనడానికి నాకు నోరు రాదు. గట్టును పట్టి ఉంచేవి దాని వేళ్లే. అవి చచ్చిపోతే తొలకరి వానలకు గట్టు కరిగి బోదెలో పడుతుంది. ఆ పూడిక తీయించడానికి అయ్యే ఖర్చును మందు ఖర్చులో కలిపి లెక్క వేసినవారిని నేను చూడలేదు. పూర్వం పారలతో గట్లు చెక్కించేవాళ్లం. ఇప్పుడు ఆ కూలి గిట్టుబాటు కాక పంపు భుజాన వేసుకుంటున్నారు. ఇందుకు కౌలు రైతును ఆడిపోసుకుని లాభం లేదు. ఒక్క పంటకు చేను తీసుకున్నవాడు వచ్చే ఏటి గట్టు గురించి ఎందుకు ఆలోచిస్తాడు? సొంతదారులం మనమే ఆలోచించడం లేదు.

అసలు సంగతి పశువుల మేత. వరిని యంత్రాలతో కోయించడం మొదలయ్యాక ఎండుగడ్డి చాలాచోట్ల చక్రాల కింద నలిగి చేలోనే పోతోంది. సెంటు భూమి లేని ఇళ్లలో ఒకటో రెండో గేదెలు ఉంటే, చలికాలమంతా వాటికి పచ్చిమేత ఈ గట్ల మీదిదే. తెల్లవారగానే కొడవళ్లు పట్టుకుని బయలుదేరే ఆడవాళ్లకు మోపు కుదిరేది ఇక్కడే. గ్లైఫోసేట్ పడగానే గడ్డి మాడిపోదు. మందు ఆకు గుండా లోపలికి దిగి, వేరుదాకా పాకి, మొక్కకు కావలసిన అమైనో ఆమ్లాల తయారీని ఆపేసి నింపాదిగా చంపుతుంది. చలి రోజుల్లో ఇంకా ఆలస్యం. మందు కొట్టిన మూడో రోజు కూడా గట్టు కోతకు రమ్మన్నంత పచ్చగా ఉంటుంది. పసుపుపచ్చగా మారడానికి వారం పట్టవచ్చు. ఈలోగా కోసిన మోపులో ఏముందో ఆ మనిషికి తెలిసే దారేది? మందు కొట్టిన చోటికి పశువులను తోలవద్దన్న హెచ్చరిక డబ్బాతో వచ్చే కాగితంలో ఉంటే ఉండవచ్చు. ఆ కాగితం గడ్డి కోసేవాళ్ల చేతికి రాదు కదా.

నిబంధనలు లేకపోలేదు. గ్లైఫోసేట్‌ను తట్టుకునే, అనుమతి లేని పత్తి విత్తనాల గొడవ ముదిరినప్పుడు 2018లో రెండు తెలుగు రాష్ట్రాలూ గ్లైఫోసేట్‌పై ఆంక్షలు పెట్టాయి. పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప మరెవరూ దీన్ని వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఆపరేటర్లంటే పట్నాల్లో చెదలకు, బొద్దింకలకు మందు కొట్టేవారు. మా చుట్టుపక్కల ఊళ్లలో అలాంటివారు ఎవరూ లేరు. కాగితం ప్రకారం ఊళ్లో ఎవరూ కొట్టకూడదు, చేలోకి వెళ్లి చూస్తే అందరూ కొడుతున్నారు. ఈ మందుతో క్యాన్సర్ వస్తుందా రాదా అన్న వాదన 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ నివేదికతో రాజుకుని ఇప్పటికీ తెగలేదు. అది తెగేదాకా గట్ల సంగతి వాయిదా వేయనక్కరలేదు.

కొట్టే తీరు చూస్తే ఇంకా విచారం కలుగుతుంది. బోదెలోని బురద నీళ్లనే ముంచి ట్యాంకులో పోస్తారు. గ్లైఫోసేట్‌కు మట్టి తగిలితే దాన్ని అంటుకుని ఇక వదలదు, అంటే మందు బలం ట్యాంకులోనే పోతుంది. వారం చూసి, గడ్డి చావలేదని, మోతాదు పెంచి మళ్లీ కొడతారు. అమ్మినవారికి రెండుసార్లూ బేరమే. ఒకే మందును నమ్ముకుంటే ఏమవుతుందో పంజాబ్, హర్యానా గోధుమ రైతులకు తెలుసు. ఏళ్ల తరబడి ఐసోప్రోట్యూరాన్ అనే గడ్డిమందు ఒక్కటే వాడగా, 1990ల తొలి సంవత్సరాలకే గుల్లీ దండా అనే గడ్డి దానికి లొంగకుండా పోయింది.

గట్ల మీద నిజంగా పోవలసింది వయ్యారిభామ (పార్థీనియం) అనే కలుపు మొక్క. దాన్ని తినే మెక్సికన్ పెంకుపురుగు వానాకాలంలో బాగా పనిచేసి, చలికాలంలో మట్టిలో దాక్కుంటుంది. వయ్యారిభామ నిర్మూలన వారోత్సవాలు మాత్రం ఏటా ఆగస్టులోనే జరుగుతాయి! రబీ తడులకు నేల మెత్తగా ఉన్న ఇప్పుడే, పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని వేళ్లతో సహా పీకిస్తే మేలు. పంచాయతీలు ఈ పని పెట్టుకోవచ్చు.

వ్యవసాయ శాఖకు నా విన్నపం ఇది. ప్రతి ఊళ్లో ఇద్దరు ముగ్గురు యువకులకు రైతు సేవా కేంద్రంలో శిక్షణ ఇచ్చి, ఆపరేటర్లుగా గుర్తింపు ఇప్పించండి. అప్పుడే కేంద్రం నోటిఫికేషన్‌కు ఊళ్లో అర్థం ఉంటుంది. ఎక్కడైనా గట్టు మీద కొట్టక తప్పకపోతే ముందురోజు ఊళ్లో చాటింపు వేయించి, ఆ గట్టు రెండు కొసలా ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పాతాలని, గడ్డి పూర్తిగా ఎండేదాకా వాటిని తీయకూడదని నియమం పెట్టండి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. పెట్రోలుతో నడిచే గడ్డి కోత యంత్రాలను అద్దెకు అందుబాటులో ఉంచితే గట్లు శుభ్రపడతాయి, కోసిన గడ్డి పశువులకు పోతుంది. ఈ ఏర్పాట్లు చేయాలంటే సంక్రాంతి లోపే చేయాలి. ఆ తర్వాత గట్ల మీద కోయడానికి మిగిలేది కొంచెమే.

ఇట్లు,
ఒక మొక్కజొన్న రైతు,
బాపట్ల జిల్లా