మా ఈశాన్యం మూల ఖాళీ అయింది, అందరికీ కృతజ్ఞతలు

మా అపార్ట్‌మెంట్ వాళ్లకూ, బయటి నుంచి సాయం చేసిన వాళ్లకూ నమస్కారం. రెరా, అంటే బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే స్థిరాస్తి నియంత్రణ సంస్థ, ఇచ్చిన ఉత్తర్వు చేతికొచ్చినా, పని జరిగేదాకా ఏమీ రాయకూడదనుకున్నాను. నిన్న ఆటస్థలంలో బిల్డర్ లేపిన షాపుల శ్లాబు కొట్టేసి, ఇనుము బండికెత్తి తీసుకుపోయారు. ఇక రాయొచ్చు.

విషయం తెలియని వాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. శాంక్షన్ ప్లాన్‌లో, అంటే మంజూరైన ప్లాన్‌లో, ఈశాన్యం మూలన పిల్లల ఆటస్థలం ఉంది. మేమంతా గృహప్రవేశాలు చేసుకుని చేరాక బిల్డర్ మనుషులు అక్కడ పునాదులు తవ్వారు. అడిగితే క్లబ్‌హౌస్ పెంచుతున్నాం అన్నారు. క్లబ్‌హౌస్‌కి రోడ్డు వైపు షట్టర్లెందుకో మాత్రం చెప్పలేదు. గట్టిగా నిలదీస్తే ఒకటే మాట: "అగ్రిమెంట్‌లో సంతకం పెట్టారు కదా, ప్లాన్ మార్చుకునే హక్కు మాకుంది."

ముందుగా మూడో అంతస్తు బాబాయ్ గారికి దండం. పేరు రాస్తే ఊరుకోనన్నారు. ఒకప్పుడు ప్లాన్లు పరిశీలించే ఉద్యోగం చేసిన మనిషి. సమాచార హక్కు దరఖాస్తు నేను రాసుకెళ్తే చదివి పక్కన పెట్టేశారు. "ఊరికే ప్లాన్ కావాలంటే తిప్పుతారమ్మా. పర్మిట్ నంబరు వెయ్యి. మంజూరైన సైట్ ప్లాన్, ఆ తర్వాత రివైజ్డ్ ప్లాన్ ఇచ్చి ఉంటే అదీ, రెండూ సర్టిఫైడ్ కాపీలు అని అడుగు" అన్నారు. రివైజ్డ్ ప్లాన్ ఏదీ మంజూరు కాలేదని రాతపూర్వకంగా జవాబొచ్చింది. కేసు సగం అక్కడే తేలిపోయింది.

ఆ ఆదివారం స్టిల్ట్ పార్కింగ్‌లో ఎవరిదో కారు బానెట్ మీద ప్లాన్ పరిచి, టేపు తీసుకుని ఆయనే బయల్దేరారు. టేపు రెండో కొస పిల్లలు పట్టుకున్నారు. కొలత అరిచి చెప్పడం, నేను రాయడం. షాపుల సంగతి సరే, పడమర వైపు ప్లాన్‌లో 7 మీటర్ల ఖాళీ ఉండాల్సిన చోట జనరేటర్ గది ఉంది. "ఫైరింజను ఎట్లా తిరుగుద్ది?" అని ఆయన గొణుక్కోవడం ఇంకా చెవిలోనే ఉంది.

డాలస్‌లో ఉండే మా 'బి' బ్లాక్ ఓనరు గారు రెరా వెబ్‌సైట్‌లో మా ప్రాజెక్టు పేజీ తెరిచి, బిల్డర్ రిజిస్ట్రేషన్ కోసం స్వయంగా పెట్టిన ప్లాన్ దింపి పంపారు. అందులోనూ ఆటస్థలమే! ఇంతకన్నా మంచి సాక్ష్యం మేం వెతికినా దొరికేది కాదు.

మా వకీలు గారికి ఎంత చెప్పినా తక్కువే. 2016 రెరా చట్టం 14వ సెక్షన్ మా అందరి చేతా బట్టీ పట్టించారు. కామన్ ఏరియాలో, అంటే అందరూ వాడుకునే చోట, మార్పు చేయాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఒకరు పది ఫ్లాట్లు కొన్నా, ఇంట్లో వాళ్ల పేర్ల మీద పెట్టినా లెక్కలో ఒక్కరే. అగ్రిమెంట్‌లో ముందే గంపగుత్తగా రాయించుకున్న సమ్మతి చెల్లదని, మహారాష్ట్ర చట్టం కింద వచ్చిన కేసులో బాంబే హైకోర్టు 2010లోనే చెప్పిందట. ఆ మాట విన్నాకే మాకు ధైర్యమొచ్చింది.

ఫిర్యాదుకు సంతకాల సేకరణలో మాత్రం అసలు ఘనత 'ఎ' బ్లాక్ అత్తయ్య గారిది. సెక్షన్లు చెప్తే తలుపేసుకున్న వాళ్లు కూడా "ఈశాన్యంలో బరువు పెడితే ఇంటి యజమానులకు మంచిది కాదు" అని ఆవిడ ఒక్క మాట అనగానే పెన్ను వెతుక్కున్నారు. నాకు వాస్తు మీద నమ్మకం లేదు. ఆ సంతకాల మీద మాత్రం బోలెడంత ఉంది.

నోయిడాలో సూపర్‌టెక్ అనే బిల్డర్ మీద కేసులో పోరాడిన ఎమరాల్డ్ కోర్ట్ అపార్ట్‌మెంట్ల నివాసులతో మాకు ముఖపరిచయం కూడా లేదు. అయినా వాళ్లకూ కృతజ్ఞతలు. తోట ఉండాల్సిన చోట జంట టవర్లు లేపితే 2012లో హైకోర్టుకెక్కారు. 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు కూల్చమంది, 2022 ఆగస్టు 28న కూల్చేశారు. మా మీటింగుల్లో ఎవరైనా "ఇదంతా అయ్యే పనేనా?" అంటే ఆ వీడియో పెట్టేవాళ్లం.

ఇంకో కిటుకు కూడా బాబాయ్ గారిదే. పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టే ఏరియాలో 10 శాతం మున్సిపాలిటీ పేర తనఖా పెట్టించుకుంటారు. ఓసీ, అంటే కట్టడం ప్లాన్ ప్రకారమే ఉంది, కాపురం ఉండొచ్చు అనే సర్టిఫికెట్, వస్తేనే విడిపిస్తారు. ఆ ఫ్లాట్లు అమ్ముకోలేక బిల్డర్‌కి టెన్షన్ మొదలైంది. తేడాలన్నీ కొలతలతో సహా రాసి, ఓసీ ఇవ్వొద్దని అభ్యంతరం పెట్టాం. అంతవరకు ఫోన్ ఎత్తని మనిషి తనే కాఫీకి పిలిచాడు. మేం వెళ్లలేదు, ఏదైనా ఉంటే రాతలోనే చెప్పమన్నాం.

స్థలం చూడ్డానికొచ్చి, టీ తాగి, "చూస్తాం" అని వెళ్లిన వాళ్లకు మాత్రం ఇక్కడ చోటు లేదు.

జనరేటర్ గది ఇంకా అలాగే ఉంది. దాని కాంప్లయింట్ వేరేగా నడుస్తోంది. ఆటస్థలంలో మట్టి నింపాలి, ఇనుప ముక్కలు ఏరేదాకా పిల్లల్ని అటు పంపకండి. సర్టిఫైడ్ ప్లాన్ జిరాక్సులు అసోసియేషన్ గదిలో ఉన్నాయి. దరఖాస్తు నమూనా కావాలని పక్క వెంచర్ వాళ్లు అడిగారు, బాబాయ్ గారు దిద్దిందే ఇచ్చాం.