చిట్టికి, గోపాలపూర్ నుంచి

గోపాలపూర్,
జూన్ 22, ఆదివారం రాత్రి

చిట్టి తల్లికి నాన్న రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. నీ క్షేమ సమాచారం తెలియజేయగలవు. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని బడిలో నేర్పారు కాబట్టి రాశాను, వేరే ఉద్దేశం ఏమీ లేదు. ఇది పోస్టులో రాదు. బుజ్జిగాడు పేజీలన్నీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతానన్నాడు. ఫోన్‌లో మాట్లాడొచ్చు కదా నాన్నా అంటావేమో. మాట్లాడదామంటే నువ్వు ఎత్తడం లేదు. పదకొండు రోజులైంది. లెక్కపెట్టింది నేను కాదు, మీ అమ్మ.

ఊరి సంగతులు చెబుతాను. అరవై ఒక్క రోజుల వేట నిషేధం 14తో అయిపోయింది, 15న తెల్లవారకముందే బోట్లన్నీ దిగాయి. నైరుతి గాలి గట్టిగా ఉంది, కెరటం దాటడానికే సగం డీజిల్ పోతోంది. మొదటి రోజు కానాగంతలు బాగానే పడ్డాయి, తర్వాత ఏమీ లేదు. బుల్లిమావ బోటు ఇంజను మళ్లీ మొరాయించింది. ఇచ్ఛాపురం అత్తకి మోకాళ్ల నొప్పులు. శుక్రవారం రథయాత్ర, బరంపురం వెళ్దామని అమ్మ అంటోంది, వాన పడకపోతే వెళ్తాం. లైట్‌హౌస్ పక్క సరుగుడు తోటలో రెండు చెట్లు పడిపోయాయి.

స్పెయిన్ నుంచి నువ్వు పెట్టిన గ్రూపు ఫోటో చూశాం. జెండా పట్టుకుని బాగున్నారు అందరూ. నీ జుట్టు ఉప్పుకి ఎర్రబడి కొబ్బరి పీచులా ఉంది, నూనె రాయడం లేదని చూడగానే తెలుస్తోంది. అందరూ రెండు చేతులూ పైకెత్తారు, నువ్వు ఒక్కటే ఎత్తావు. సరే, అది వేరే విషయం.

ఒక తమాషా జరిగింది. పక్కింటి ఒడియా మాస్టారి భార్య మొన్న మీ అమ్మని అడిగింది, ‘మీ అమ్మాయి గుడి ఎగరేయడానికి విదేశం వెళ్లిందట కదా’ అని. వాళ్ల భాషలో గాలిపటాన్ని గుడి అంటారని నీకు తెలుసు, నాకు తెలుసు. నలభై ఏళ్లుగా ఇక్కడే ఉన్నా మీ అమ్మ బుర్రకి మాత్రం అది ఎక్కలేదు. ‘గుడేంటి, ఎగరేయడమేంటి, మా అమ్మాయి దేవుడి జోలికి పోయే మనిషి కాదు’ అని గొడవ పెట్టుకుంది. నేను వెళ్లి విడదీశాను. తర్వాత ఇద్దరూ కలిసి నీ వీడియో చూశారు. నువ్వు కైట్ పట్టుకుని నీళ్ల మీద లేచి, కింద బోర్డుకున్న ఆ మీటరు పొడవు కత్తిలాంటిదాని మీద నిలబడి పోతుంటే మాస్టారి భార్య నోట మాట రాలేదు. మోటార్ సైకిల్ కన్నా జోరుగా పోతుంది, ఇంజను లేదు, గాలి ఒక్కటే అని నేనే చెప్పాను. నాకేదో తెలిసినట్టు.

తెలియదని కాదులే. 2024 ఆగస్టులో మార్సెయ్‌లో ఒలింపిక్స్‌కి ఈ కైట్ ఆటని మొదటిసారి పెట్టినప్పుడు నువ్వు నా ఫోన్‌లో పెట్టి చూపించావు కదా. గాలి లేక పోటీ ఆగిపోతే అంతంత గొప్పవాళ్లూ ఒడ్డున కూర్చుని ఆకాశం చూశారు. నాకు భలే నవ్వొచ్చింది. మా తాతలు చేసిన పని అదే. బ్రిటన్ అమ్మాయి ఎల్లీ ఆల్డ్రిడ్జ్ బంగారం గెలిచినప్పుడు నువ్వు మంచం మీద నుంచి దూకావు. మర్నాడు సింగపూర్ కుర్రాడు మ్యాక్స్ మేడర్‌కి కంచు వచ్చింది, పదిహేడేళ్లు. ‘చూశావా నాన్నా, ఆసియా వాళ్లు కూడా’ అన్నావు. ఆ రాత్రే అనుకున్నాను, ఈ పిల్ల ఇక రామేశ్వరంలో ఆగదు అని.

అసలు నీకు ఈ పిచ్చి రామేశ్వరంలో పట్టిందని అందరూ అనుకుంటారు. నాకు తెలుసు ఎప్పుడు పట్టిందో. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మన నెత్తిమీదే తీరం దాటింది కదా, ఆ తర్వాత వారానికి రిలీఫ్‌లో నీలం టార్పాలిన్లు పంచారు. ఇంటి మీద కప్పడానికి తెచ్చినదాన్ని నువ్వూ బుజ్జిగాడూ నాలుగు మూలలా తాళ్లు కట్టి ఒడ్డుకి పట్టుకుపోయారు. అది నిన్ను ఇసకలో బొర్లా పడేసి ఈడ్చుకుపోతోంది, నువ్వు వదలవు. గడ్డం చెక్కుకుపోయింది. ఇంటికొచ్చి ‘పడ్డాను’ అన్నావు. ఎందుకు పడ్డావో చెప్పలేదు. పదేళ్లు నీకప్పుడు. చెప్పకుండా దాచడం అప్పట్నుంచే ఉంది.

నువ్వున్న ఆ తరీఫా ఊరి గాలి గురించి బుజ్జిగాడు చదివి వినిపించాడు. ఎదురుగా పద్నాలుగు కిలోమీటర్లలో ఆఫ్రికా కనిపిస్తుందట. ఒక పక్క అట్లాంటిక్, ఒక పక్క మధ్యధరా. తూర్పు నుంచి వచ్చేదాన్ని లెవాంతే అంటారు, పడమటి నుంచి వచ్చేదాన్ని పొనియెంతే. పేర్లు ఏవైతే ఏంటి, గాలి గాలే అనుకున్నాను. తర్వాత మ్యాపు చూస్తే గుండె ఝల్లుమంది. మనకి తూర్పు గాలి అంటే ఇంటికి తెచ్చే గాలి. ఎంత దూరం పోయినా మధ్యాహ్నానికి అదే ఒడ్డుకి తోస్తుంది. అక్కడ మీరు ఆడే ఇసక తీరం పడమటి వైపు ఉంది. తూర్పు గాలి ఒడ్డు మీంచి సముద్రంలోకి పోతుంది. పుట్టినప్పట్నుంచి తూర్పు గాలిని నమ్మిన పిల్లవి, అక్కడ దాన్ని నమ్మకు. కైట్ నీళ్లలో పడి లేవకపోతే నిన్ను అట్లాంటిక్‌లోకి ఊడ్చుకుపోతుంది. బోటు కాపలా లేని రోజు ప్రాక్టీసుకి దిగకు. బెల్టు దగ్గర ఆ ఎర్ర పిడి, లాగితే కైట్ వదిలేసేది, రోజూ దిగే ముందు ఒకసారి లాగి చూసుకో, ఇసక దూరితే బిగుసుకుంటుంది. హెల్మెట్ పెట్టుకో, ఫోటోలో ఎవరికీ లేదు. ఇవన్నీ నీకు తెలుసని నాకు తెలుసు. ఉపన్యాసం చెప్పకూడదనే కూర్చున్నాను.

ఇంకో మాట. బుల్లిమావ కొడుక్కి దుబాయ్‌లో ఎవరో చెప్పారట, స్పెయిన్‌లో మనదేశం అమ్మాయికి చెయ్యి విరిగిందని. మనదేశంలో అమ్మాయిలు బోలెడుమంది ఉన్నారు. నేను నమ్మలేదు.

నా ఎడమ అరచేతిలో మచ్చ ఎలా వచ్చిందని చిన్నప్పుడు అడిగేదానివి. వల కోసుకుందని చెప్పేవాణ్ని. అది అబద్ధం. ఇప్పుడు చెబుతాను.

1987 జనవరి. నాకు పదిహేడో పద్దెనిమిదో. ఇంకా తెప్పలే. పెదబాబూ నేనూ తెల్లవారు మూడింటికి ఒడ్డు గాలి మీద పోయాం, మామూలే. మధ్యాహ్నం తూర్పు గాలి రావాలి, రాలేదు. పడమటి గాలే ఇంకా బలిసింది. ముందు సరుగుళ్లు మునిగాయి, తర్వాత తెల్ల బంగళాలు, ఆఖరికి లైట్‌హౌస్ ఒక్కటే మిగిలింది, అగ్గిపుల్లంత. పెదబాబు తెరచాప దింపేయమన్నాడు. నేను వినలేదు. ఏటవాలుగా పట్టుకుంటే ఎక్కడో ఒకచోట ఒడ్డు తగులుతుందని నా తెలివి. తడి తాడు చేతిలో జారిపోతుంటే ఎడమ చేతికి రెండు చుట్లు చుట్టాను. అంతే, ఒక్క విసురు వచ్చింది. తాడు బిగిసి లాగితే అరచేతి తోలు ఉల్లిపొరలా లేచిపోయింది. వదులుదామంటే వదలదు, చుట్టింది నేనే కదా. పెదబాబు కత్తితో తాడు తెగ్గోసి తెరచాప కిందపడేశాడు. ఉన్న వలంతా రాళ్లతో సహా నీళ్లలోకి వదిలాం, కొట్టుకుపోయే జోరు తగ్గుతుందని. ఆ రాత్రి తెప్ప మీదే. చెయ్యి ఉప్పునీళ్లలో తడిసినప్పుడల్లా నేను ఏడ్చాను, పెదబాబు వినిపించనట్టు పడుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం తూర్పు గాలి వచ్చింది. దక్షిణంగా ఎక్కడో సునాపూర్ దగ్గర తేలాం.

ఇంటికొచ్చాక చెయ్యి దాచాను. దెబ్బ చూస్తే నాన్న మళ్లీ సముద్రం మీదకి పంపడని భయం. పెదబాబు చేత ఒట్టు వేయించుకున్నాను. తువ్వాలు ఎడమ చేతి మీద వేసుకుని తిరిగాను, ఎవరైనా వస్తే చెయ్యి వెనక్కి. మూడు రోజులు ఎవరూ ఏమీ అనలేదు. నెగ్గాననుకున్నాను. నాలుగో రోజు మా అమ్మ పీతల కూర వండింది. పెద్ద పీతలు, డెక్కలు ఇంత లావు. కంచంలో వేసి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఏమీ అడగలేదు. పీతని ఒంటిచేత్తో ఎవడు తినగలడు? డెక్కని పళ్ల మధ్య పెట్టాను, జారిపోయింది. మళ్లీ పెట్టాను, కంచం బోర్లాపడింది. అప్పుడు అంది, ‘ఆ చెయ్యి ఇలా తే’ అని. చీము పట్టేసింది. బరంపురం ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఉన్నాను. మొదటిరోజే చూపిస్తే మూడు రోజుల్లో పోయేదని డాక్టరు తిట్టాడు. ఇప్పటికీ ఆ చిటికెన వేలు పూర్తిగా ముడవలేను, నువ్వు గమనించి ఉండవు.

ఇక్కణ్నుంచి నీకు పీతల కూర పంపలేను కదా.

నువ్వు ఇదివరకు ఎంత రాసేదానివి. బస్సులో కూర్చుని కూడా రెండు బొటనవేళ్లతో టకటకా పేజీ రాసి పడేసేదానివి, సగం బొమ్మలే. ఈ పదకొండు రోజులుగా అన్నీ వాయిస్ మెసేజ్‌లే, ఒక్కోటి పది సెకన్లు. ‘బాగున్నా నాన్నా, బిజీ.’ మీ అమ్మ వాటిని మళ్లీ మళ్లీ పెట్టుకుని వింటోంది. గొంతు బాగానే ఉందంటుంది. గొంతు సంగతి నేను అడగలేదు.

జలుబు మాత్రలో కూడా నిషేధించిన మందు ఉండొచ్చని, పేరు చూసుకోకుండా ఏదీ మింగకూడదని నువ్వే చెప్పి అమ్మ కట్టిన కషాయం పొడి వెనక్కి ఇచ్చేశావు. మరి ఎక్కడైనా నొప్పిగా ఉంటే ఏం వేసుకుంటున్నావు? ఎవరో తోటి ఆటగాడు ఇచ్చాడని ఇంజెక్షన్ చేయించుకోకు. డాక్టరుకి ముందే చెప్పు నువ్వు పోటీలో ఉన్నావని. వీసా కోసం 30,000 యూరోల ఇన్సూరెన్సు తీసుకున్నాం కదా, ఆ కాగితం నీ సంచి పై అరలో ప్లాస్టిక్ కవరులో ఉంది. అది వీసా వాళ్లకి చూపించడానికి మాత్రమే కాదు. కాకపోతే ఇలాంటి ఆటల్లో, అందులోనూ పోటీల్లో తగిలిన దెబ్బకి కొన్ని పాలసీలు డబ్బివ్వవట. చిన్న అక్షరాలు చదువు. రాకపోతే రాకపోయింది, డబ్బు మేం పంపుతాం.

డబ్బు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అమ్మ గొలుసు గురించి ఎవరు నీకు ఏం చెప్పారో నాకు తెలియదు. బుజ్జిగాడే వాగి ఉంటాడు. తాకట్టు పెట్టింది నిజమే. గొలుసన్నది అందుకే ఉంటుంది. నా పెళ్లినాటి నుంచి అది మూడుసార్లు వెళ్లి మూడుసార్లు ఇంటికొచ్చింది, దారి దానికి తెలుసు. ఒకసారి వలలకి, ఒకసారి ఫైలిన్ తర్వాత ఇంటి పైకప్పుకి, ఒకసారి ఇచ్ఛాపురం అత్త ఆపరేషన్‌కి. ఈసారి నీ కైట్లకి, ఆ ఎయిర్‌లైన్ వాళ్లు బోర్డు సంచి పొడవెక్కువని కౌంటర్ దగ్గర గుంజిన డబ్బుకి. గొలుసు కోసం నువ్వు ఏ రేసూ పూర్తి చేయక్కర్లేదు. ఒంట్లో బాగోకపోతే మధ్యలో ఆపేసి వచ్చేయొచ్చు. వీసా తొంభై రోజులు ఇచ్చారని తొంభై రోజులూ ఉండితీరాలని లేదు. పక్కింటివాళ్లు ఏమంటారో అనుకుంటున్నావేమో, వాళ్లకి నువ్వు ఇప్పటికీ గుడి ఎగరేసే పిల్లవే.

ఉంటానంటే ఉండు. వద్దనడం లేదు. పడమటి గాలి రోజుల్లో తేలిగ్గా ఆడుకో. బియ్యం దొరుకుతున్నాయా? రొట్టె ముక్కలతో ఒంట్లో బలం రాదు. బరంపురం అప్పడాలు, మామిడికాయ ఊరగాయ రెండు డబ్బాలు కట్టి ఉంచాం, జూలైలో చెన్నై నుంచి మీ కోచ్ గారు వస్తే ఇచ్చి పంపుతాం. తాళ్లు చుట్టేటప్పుడు పిడికే చుట్టు, చేతికి వద్దు. వేలికి కూడా వద్దు. కొబ్బరినూనె రాయి.

రేపు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ దగ్గర కూర్చుంటాం. మీకు అప్పుడు సాయంత్రం అయిదున్నర, బుజ్జిగాడు లెక్క చూసి చెప్పాడు. వీడియో కాల్ చెయ్యి. అమ్మ ముందు మామూలుగానే మాట్లాడు, అన్నం తిన్నావా అని అడిగితే తిన్నానని చెప్పు. ఫోన్ ఎక్కడా ఆనించి పెట్టకు, కుడిచేత్తో వద్దు. ఎడమ చేత్తో పట్టుకో.

మీ నాన్న